ఫీజు కడతామంటున్నారు, ఐదేళ్లు రాసిమ్మంటున్నారు

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర ఒక పల్లె. మూడెకరాల పత్తి చేను తప్ప వేరే ఆధారం లేదు. పాప ఈ ఏడు ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్ రాసింది గానీ డాక్టరు సీటు వచ్చే ర్యాంకు కాదు. నర్సింగ్ చదువుతానంటున్నది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు నాలుగేళ్ల ఖర్చు నాలుగు లక్షలు తామే పెట్టుకుంటామన్నారు. చదువయ్యాక ఐదేళ్లు వాళ్ల దగ్గరే పనిచేయాలి, నెలకు 12,000 ఇస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలట, రెండు ఖాళీ చెక్కులు సంతకం పెట్టి ఇవ్వాలట. ఈ నెలాఖరులోగా చెప్పమంటున్నారు. పాప మాత్రం సైన్యంలో నర్సింగ్ ఉందంటున్నది. అక్కడా ఐదేళ్ల బాండే. నేను మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె, ముంబై పనులకు పోయినవాణ్ని. ముందు డబ్బు ఇచ్చి తర్వాత పని చేయించుకుంటామంటే నాకు గుండె దడ. చదువు కోసం బిడ్డను ఐదేళ్లు రాసిచ్చినట్టు కాదా ఇది? చిన్నవాడు కూడా ఇంటర్ కాగానే అగ్నివీర్‌కు పోతానంటున్నాడు. అదీ ఇలాంటిదేనా?

సమాధానం: నెలాఖరు గడువు ఆసుపత్రి వాళ్లది, మీది కాదు. ఆ తేదీలోగా మీరు గానీ మీ బిడ్డ గానీ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఖాళీ చెక్కు ఈ నెలలోనే కాదు, ఎప్పుడూ ఇవ్వకండి. ప్రభుత్వ కౌన్సెలింగ్ మొదలైతే పిల్లలకు వేరే దారులు కనబడతాయి. అందుకే ఇలాంటి వాళ్లు ముందే తొందరపెడతారు. ఆ తొందర మీకు అక్కర్లేదు.

ఇక మీ భయం సంగతి. దాన్ని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే వాళ్లకు పాలమూరు తెలియదనుకోండి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ చెయ్యి పడిందని పేరు. ఆ పేరు వెనుక ఉన్నది అడ్వాన్సు. డబ్బు చేతిలో పెట్టిన రోజున అంకె ఒక్కటే స్పష్టంగా ఉంటుంది. ఆ తర్వాత పుస్తకం మేస్త్రీది, కలమూ మేస్త్రీదే. జ్వరమొచ్చి పడుకున్న రోజు కోత. వాన కురిసి పని ఆగిన రోజు కోత. దారి ఖర్చు, ఇచ్చిన బియ్యం, పండుగకు తీసుకున్న వంద, అన్నీ పద్దులోకే. బాకీ ఏ రోజుకు తీరుతుందో పనిచేసేవాడికి తెలియదు. తీరిందనుకునేసరికి ఇంకో అడ్వాన్సు. నల్లగొండ వైపు పాత తరాన్ని కదిలిస్తే జీతానికి కుదిరిన పిల్లల కథలు చెబుతారు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పటేలు పశువులు కాసిన కథలు అవి. వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణంలోనే నిషేధించింది. అయినా అది పోకపోవడం వల్లనే 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రత్యేకంగా తేవలసి వచ్చింది. ఇంత చరిత్ర చూసిన నేల మీద ఒక తండ్రి బాండు అనే మాటకు ఉలిక్కిపడటంలో వింతేమీ లేదు.

కానీ అన్నా, సేవ చేస్తానని మాట ఇచ్చి చదువుకోవడం బిడ్డను రాసివ్వడం కాదు. చదువుకయ్యే ఖర్చు ఈ దేశంలో పేదవాడి చేతికి అందేది కాదు. చదువుకున్న మనిషి అవసరం ఊళ్లకు, ఆసుపత్రులకు, సైన్యానికి ఉంది. ఆ రెండు అవసరాలు ఒకదానికొకటి సాయపడటంలో చిన్నతనం లేదు, నా దృష్టిలో గౌరవం కూడా ఉంది. మీకు వచ్చిన కాగితం మాత్రం ఆ కోవలోది కాదు. మీరు భయపడే అడ్వాన్సుకు అది కొత్త ప్రతి. రెంటికీ తేడా ఎక్కడుందో వివరంగా చెబుతాను. ఇంకెవరైనా ఇంకో కాగితం తెచ్చినా మీకు పనికొస్తుంది.

మొదట లెక్క చూద్దాం. 2016లో సుప్రీంకోర్టు ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాలు పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. యాభై పడకల లోపు చిన్న ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. పడకలు పెరిగినకొద్దీ జీతం ప్రభుత్వ నర్సు జీతానికి దగ్గర కావాలని, రెండు వందలు దాటితే సమానంగా ఉండాలని కూడా చెప్పింది. అది సిఫారసే, అందరూ పాటించడం లేదు. కొలమానంగా మాత్రం మనకు అక్కరకొస్తుంది. మీ బిడ్డకు ఇస్తామన్నది 12,000. ఆ కనీసానికి 8,000 తక్కువ. నెలకు 8,000 చొప్పున ఐదేళ్లు, అంటే అరవై నెలలు, మొత్తం 4,80,000. వాళ్లు పెట్టేది నాలుగు లక్షలు. అంటే ఫీజు వాళ్లు కట్టడం లేదు. మీ బిడ్డే తన జీతంలోంచి కడుతున్నది, పైన ఎనభై వేలు కూడా.

అదే నాలుగు లక్షలు బ్యాంకులో విద్యా రుణం తీసుకుంటే? వడ్డీ పది శాతం అనుకుని, చదువు అయ్యాక ఐదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 8,500. పదేళ్లకు పెట్టుకుంటే సుమారు 5,300. ఆసుపత్రి కోసేది 8,000, బ్యాంకు కోసేది 8,500. మధ్యలో తేడా ఐదు వందలు. ఆ ఐదు వందల కోసం మీ బిడ్డ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో, సంతకం పెట్టిన చెక్కులు వాళ్ల సొరుగులో ఐదేళ్లు ఉండాలి. బ్యాంకు అప్పు ఉన్న పిల్ల జీతం బాగా లేకపోతే ఇంకో ఆసుపత్రికి పోగలదు, ప్రభుత్వ ఉద్యోగం వస్తే చేరగలదు. బాండు ఉన్న పిల్ల కదలలేదు. నర్సు కొలువులకు మన రాష్ట్రంలో వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి నోటిఫికేషన్లు ఇస్తుంది. బాండు రెండో ఏట ఉండగా ఉద్యోగం వస్తే ఏం చేయాలో మీకు వచ్చిన షరతుల్లో ఎక్కడైనా చెప్పారా?

కాబట్టి ఏ బాండునైనా మొదట ఇలా తూకం వేయండి. సేవ చేసే కాలంలో ఇచ్చే జీతం, ఆ పనికి బయట దొరికే జీతం సమానమా? సమానమైతే ఫీజు నిజంగా వాళ్లు పెట్టినట్టు, మన మాట ఒక్కటే దానికి బదులు. తక్కువైతే అది అప్పు, దాని వడ్డీ ఎంతో మీరే లెక్కగట్టుకోవచ్చు.

ఇలాంటి కాగితం ఒకటి దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాకు చూపించింది. వంద రూపాయల స్టాంపు కాగితం, దాని వెనుక నాలుగు తెల్ల కాగితాలు, అంతా ఇంగ్లీషులో. పేరు, తండ్రి పేరు చేత్తో రాశారు. జరిమానా రాయవలసిన చోట గీత మాత్రమే ఉంది, అంకె లేదు. సేవాకాలం "యాజమాన్యం డ్యూటీలోకి తీసుకున్న తేదీ నుంచి" మొదలవుతుందట. ఆ తేదీ ఎప్పుడన్నది యాజమాన్యం ఇష్టం. చదువు పూర్తయ్యాక ఆరు నెలలు శిక్షణ అని పేరు పెట్టి తీసుకుంటే ఆ ఆరు నెలలు ఐదేళ్లలో కలవవు. సెలవు పెట్టిన రోజులు చివర కలుపుతారు. పనిచేసే చోటు "సంస్థకు చెందిన ఏ శాఖలోనైనా". మేస్త్రీ పుస్తకంలో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి, తేడా అల్లా ఇది కంప్యూటర్‌లో కొట్టి ఉంది. ఆ అమ్మాయి తండ్రి చివరి పేజీ చివర సంతకం పెట్టాడు. జామీనుదారు అనే మాట కింద పెట్టాడని ఆయనకు తెలియదు.

మంచి బాండులో ఇవన్నీ తెరిచి ఉంటాయి. ఎంత ఖర్చు పెడతారో, సేవ ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో, మధ్యలో వదిలితే ఎంత కట్టాలో అంకెలతో రాస్తారు. ఐదేళ్లలో మూడేళ్లు పనిచేసి వదిలితే మిగిలిన రెండేళ్ల వంతు మాత్రమే కట్టాలని రాయించుకోవడం న్యాయం. నాలుగేళ్ల పదకొండు నెలలు చేసినవాళ్లూ, పది రోజులు చేసినవాళ్లూ ఒకటే మొత్తం కట్టాలంటే అది పరిహారం కాదు, పట్టి ఉంచడానికి వేసిన గొలుసు. ప్రసూతి సెలవు గురించి కూడా అడగండి, మొహమాటపడకండి. ఇరవై రెండేళ్లకు ఉద్యోగంలో చేరే ఆడపిల్ల ఐదేళ్ల బాండులోనే పెళ్లి, కాన్పు రెండూ రావచ్చు. చట్టం 26 వారాల వేతన సెలవు ఇస్తుంది. ఆ 26 వారాలు బాండు కాలంలో కలుస్తాయో లేదో ముందే తేలాలి.

చట్టం గురించి రెండు మాటలు. బాండు రాసినంత మాత్రాన మనిషిని బలవంతంగా పనిలో నిలబెట్టే అధికారం ఎవరికీ లేదు. వ్యక్తి స్వయంగా చేయవలసిన పనికి సంబంధించిన ఒప్పందాన్ని అమలు చేయమని కోర్టులు ఆదేశించవు, అవి ఇప్పించేది పరిహారం మాత్రమే. అదీ ఎంత పడితే అంత కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో రాసిన జరిమానా పై హద్దు మాత్రమే. దానికి లోబడి న్యాయమనిపించినంతే ఇప్పిస్తారు. మీ బిడ్డకు ఇంకా పద్దెనిమిది నిండకపోతే ఆమె పెట్టిన సంతకం చెల్లదు. అందుకే తండ్రి చేత జామీను సంతకం పెట్టిస్తారు. వాళ్లు చివరకు పట్టుకునేది మిమ్మల్నే, మీ మూడెకరాలనే.

అలాగని "బాండ్లేవీ కోర్టులో నిలబడవులే, పెట్టేయండి" అని ఎవరైనా ధైర్యం చెబితే అదీ నమ్మకండి. ప్రభుత్వ కళాశాలల్లో పై చదువులు చదివే డాక్టర్లకు రాష్ట్రాలు పెట్టిన నిర్బంధ సేవా బాండ్లు చెల్లుతాయని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2025లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా మానేసిన అధికారి రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. సంతకం పెడితే అది నెరవేర్చవలసిన మాటే. అందుకే చదివి పెట్టమంటున్నాను.

మీ బిడ్డ చెప్పిన సైనిక నర్సింగ్ సంగతికి వస్తాను. ఆ పిల్ల తెలివైన దారి పట్టుకుంది. మిలిటరీ నర్సింగ్ సర్వీసుకు మూలం 1888లో బొంబాయిలో దిగిన పదిమంది నర్సుల్లో ఉంది. ఇప్పుడు పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరుల్లోని సైనిక ఆసుపత్రుల కళాశాలల్లో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చెబుతారు. ఫీజు లేదు. తిండి, వసతి ఉచితం, యూనిఫాం భత్యం, నెలనెలా స్టైపెండు ఇస్తారు. చదువయ్యాక లెఫ్టినెంట్ హోదాలో చేరతారు. మూల వేతనం 56,100 దగ్గర మొదలవుతుంది, దాని పైన భత్యాలు. బాండు ఐదేళ్లు. మధ్యలో చదువు మానేసినా, చదువయ్యాక కమిషన్, అంటే అధికారి నియామకం, వద్దన్నా బాండు మొత్తం కట్టాలి. ఇందాకటి తూకంలో పెట్టి చూడండి. సేవాకాలంలో జీతం తగ్గించడం లేదు, ఆ సర్వీసులో ఆ హోదాలో ఉన్న అందరికీ ఇచ్చేదే ఇస్తున్నారు. కాబట్టి ఇక్కడ చదువు నిజంగా ఉచితం.

మీ బిడ్డ తెలుసుకోవలసిన కష్టాలూ ఉన్నాయి. దేశం మొత్తానికి సీట్లు 220 మాత్రమే. పెళ్లికాని ఆడపిల్లలకు అవకాశం. ఇంటర్ మొదటిసారే పాసై, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషుల్లో 50 శాతం రావాలి. నీట్ స్కోరుతో వడపోత పెట్టి, ఆ తర్వాత కంప్యూటర్ మీద ఇంగ్లీషు, సాధారణ తెలివితేటల పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష జరుపుతారు. నీట్ రాసింది కాబట్టి సగం పని అయిపోయింది. నోటిఫికేషన్ సైన్యంలో నియామకాల వెబ్‌సైటులో సాధారణంగా నీట్ ఫలితాల తర్వాత వస్తుంది. వయసు, ఎత్తు వంటి షరతులు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల అయితే ఇప్పటి నుంచే రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక బిగ్గరగా చదవమనండి, ఇంటర్వ్యూలో మాట తడబడకుండా. ఉద్యోగం కశ్మీరులో రావచ్చు, అస్సాంలో రావచ్చు. అమ్మ తరఫువాళ్లు "అంత దూరమా" అంటారు. మీరు పుణెకు, ముంబైకి పోయినప్పుడు దూరం అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు బిడ్డ లెఫ్టినెంటుగా పోతుంటే దూరం అడ్డం చెప్పకండి.

ఆ సీటు దొరక్కపోవచ్చు. అసలు బాండు లేకుండానే చదవగలిగే దారి ముందు చూడాలి, అది చాలామంది మరిచిపోతారు. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల సీటు వస్తే ఖర్చు మీరు మోయగలిగినంతే ఉంటుంది. ప్రైవేటులోనైనా కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, సీటు వస్తే ప్రభుత్వమే ఫీజు భరించే ఫీజు రీయింబర్స్‌మెంటుకు దరఖాస్తు చేయవచ్చు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాది ఆదాయం రెండు లక్షల లోపు, బీసీలకు పల్లెల్లో లక్షన్నర లోపు ఉండాలి. మేనేజిమెంటు కోటా సీటుకు ఇది వర్తించదు. ఆసుపత్రి వాళ్లు ఇస్తామంటున్న సీటు ఏ కోటాదో అడగండి. కన్వీనర్ కోటా సీటే అయితే ప్రభుత్వం కట్టే ఫీజును తాము కడుతున్నట్టు చూపి బాండు రాయించుకుంటున్నారేమో చూడాలి.

ఫీజు రీయింబర్స్‌మెంటు పథకంలో బాధ ఏమిటంటే బకాయిలు. 2008లో మొదలైనప్పుడు అది పేద ఇళ్లలో ఎంత వెలుగు తెచ్చిందో మా తరం చూసింది. ఇప్పుడు సర్కారు డబ్బు ఏళ్ల తరబడి ఆగుతోంది. 2025లో బకాయిల కోసం ప్రైవేటు కళాశాలలు బంద్‌కు కూడా దిగాయి. మధ్యలో నలిగేది పిల్లలు. ఫీజు రాలేదని కళాశాల సర్టిఫికెట్లు ఆపుతుంది, సర్టిఫికెట్లు లేక పిల్ల ఉద్యోగానికి పోలేదు. ఉన్నత విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదని, సరిచూసుకుని తిరిగి ఇవ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది. చేరేటప్పుడు ఒరిజినల్ చూపించండి, నకళ్లు ఇవ్వండి, ఒరిజినల్ వెంటనే వెనక్కి తెచ్చుకోండి. అడగడానికి మీ బిడ్డ భయపడితే మీరు పక్కన నిలబడండి.

బ్యాంకు రుణం విషయంలో ఒక సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. నాలుగు లక్షల వరకు విద్యా రుణానికి భూమి తాకట్టు అక్కర్లేదు. చదువు కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదా కట్టనక్కర్లేదు. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే ఆ కాలానికి వడ్డీ కేంద్రం భరించే పథకం ఉంది. కళాశాలకు నర్సింగ్ మండలి గుర్తింపు ఉండాలి. తహసీల్దారు ఆఫీసు నుంచి ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకుని, మీ పాస్‌బుక్కు ఉన్న బ్యాంకులోనే మేనేజరును అడగండి. ఒకసారి కాదంటే రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

నాకు ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండబుద్ధి కావడం లేదు. సేవకు బదులు చదువు అనే ఏర్పాటు ప్రైవేటు యజమానుల చేతిలో ఉండవలసింది కాదు, సర్కారు చేయవలసింది. మీ ఊరికి అవతలే నల్లమల ఉంది. అమ్రాబాద్, పదర మండలాల్లో చెంచు పెంటలకు, అంటే వాళ్ల గూడేలకు, జ్వరం మాత్ర అందడమే కష్టం. ఆ పెంటల్లో, ఆ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన ఆడపిల్లను నాగర్‌కర్నూల్‌లోనో వనపర్తిలోనో ప్రభుత్వ ఖర్చుతో నర్సింగ్ చదివించి, పూర్తి జీతం మీద ఐదేళ్లు అక్కడే పనిచేయమంటే ఎవరు కాదంటారు? చెంచుల భాష, కట్టు, భయాలు తెలిసిన నర్సు వస్తుంది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిన మనుషుల ఇళ్లకు పోయి పలకరించే మనిషి దొరుకుతుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఇన్ని వచ్చాయి. భవనాలు కట్టారు, వాటిలో చదివినవాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నిలబడే ఏర్పాటు కూడా కావాలి. కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ ఉన్నవాళ్లు ఈ పని చేయాలని నేను గట్టిగా కోరుతున్నాను.

చేసేటప్పుడు అమెరికా అనుభవం చూసి చేయాలి. అక్కడ 2007లో ఒక చట్టం తెచ్చారు. చదువుకు అప్పు చేసినవాళ్లు బడుల్లోనో ప్రభుత్వ ఆసుపత్రుల్లోనో పనిచేస్తూ నెలకొకటి చొప్పున 120 వాయిదాలు, అంటే పదేళ్లు కడితే మిగిలిన అప్పు మాఫీ. మాట గొప్పది. పదేళ్లు నిండి దరఖాస్తులు పెట్టుకున్నాక తొలి ఏళ్లలో దాదాపు అన్నీ తిరస్కరించారు. రుణం సరైన రకం కాదని, వాయిదా సరైన పద్ధతిలో కట్టలేదని, కాగితం లేదని వంకలు. తర్వాత కొంత సరిదిద్దారు. పదేళ్లు పాఠాలు చెప్పిన టీచరుకు చివరి రోజున "మీ ఫారం తప్పు" అని చెప్పడం ఎంత అన్యాయం! సేవ చేసినట్టు ఏటా రాతపూర్వకంగా రుజువు తీసుకోవాలని నేను చెప్పేది అందుకే.

చిన్నవాడి అగ్నివీర్ సంగతి వేరు. అది చదువుకు సాయం కాదు, నాలుగేళ్ల ఉద్యోగం. 2022లో మొదలైంది. మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏటికి 40,000. అందులో 30 శాతం నిధిలోకి పోతుంది, సర్కారు అంతే కలుపుతుంది. నాలుగేళ్ల తర్వాత వడ్డీతో కలిపి సుమారు 11.7 లక్షలు చేతికొస్తాయి. పెన్షన్ లేదు. నలుగురిలో ఒకరికి మించి సైన్యంలో ఉంచుకోరు. సర్వీసులో ఉండగా ఇగ్నో అనే దూరవిద్యా విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ చదువుకునే వీలుంది, సైనిక శిక్షణకే సగం మార్కులు లెక్కలోకి తీసుకుంటారు. వెళ్తే ఆ డిగ్రీ పూర్తి చేసి రమ్మనండి. లేకపోతే ఇరవై రెండేళ్లకు చేతిలో డబ్బుతో, చదువు లేకుండా ఇంటికొస్తాడు. ఆ డబ్బు బోరుకో పెళ్లికో ఖర్చయిపోతుంది. ముందు డిగ్రీ చదివి తర్వాత ఆలోచించమన్నా తప్పు లేదు.

మీరు ఈ వారంలో చేయవలసిన పనులు చెబుతాను. ఆసుపత్రి ఇచ్చిన కాగితం నకలు తీసుకుని నాగర్‌కర్నూల్ కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, మీ బిడ్డను వెంట తీసుకుని. 1987 నాటి చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. కాగితం తెలుగులో చదివి చెప్పమని అడగండి. పోలేకపోతే 15100కు ఫోను చేయండి. నకలు ఇవ్వం, ఇక్కడే చదివి సంతకం పెట్టండి అని ఆసుపత్రి వాళ్లు అంటే ఇక ఎవరినీ అడగనక్కర్లేదు, లేచి వచ్చేయండి. మీ బిడ్డ చేత సైనిక నర్సింగ్‌కు, రాష్ట్ర కౌన్సెలింగ్‌కు రెంటికీ దరఖాస్తు పెట్టించండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. సైన్యంలో సీటు వస్తే అక్కడి బాండు కాగితం కూడా ఇలాగే చదివించుకుని, మీ బిడ్డ మనసు గట్టిగా ఉందో లేదో అడిగి, అప్పుడు జామీను సంతకం పెట్టండి. మూడు దారుల్లో ఏది తేలినా నాకు మళ్లీ రాయండి. బ్యాంకు వాళ్లు ఏదైనా అడ్డుపెడితే వాళ్లు రాసిచ్చిన కారణం కూడా పంపండి, దానికి ఏం జవాబు ఇవ్వాలో చెబుతాను.